చిల్లు పడని టికెట్లు

నల్లగొండ నుంచి మర్రిగూడ పోయే బాటలో సుంకం నాకా అని ఒక చోటు ఉండేది. చీకటి పడ్డాక అక్కడ బస్సు ఆగేది కాదు. దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళూ లేరు. ఆ మలుపు రాగానే డ్రైవర్లు గేరు మార్చి, ముందుకు వంగి, రోడ్డు తప్ప మరేదీ చూడకుండా బండిని దాటించేవాళ్ళు.

జాగీర్ల కాలంలో అక్కడ బండ్ల మీద సుంకం వసూలు చేసేవాళ్ళట. ఆ సుంకాలు పోయాయి, వసూలు చేసిన మనుషులూ పోయారు. రెండు గదుల రాతి ఇల్లు మాత్రం మిగిలింది. దానికి తలుపు లేదు. వెనక వాగు. ఆ వాగే చుట్టు తిరిగి వచ్చి, ఇంటి ముందు రోడ్డును అడ్డంగా దాటుతుంది.

ఇది నాకు మా బాలస్వామి మామ చెప్పాడు. మా అమ్మకు తమ్ముడు. నయా పైసలు వచ్చిన కొత్తల్లో ఆ బస్సుకు ఆయనే కండక్టరు. చెప్పినప్పుడు నేను లంగా కట్టుకునే పిల్లను. ఇప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. ఇది కూడా ఏదో ఒక పొద్దున జారిపోతుందేమోనని, విన్నది విన్నట్టు రాసి పెడుతున్నాను.

మామ కంటే ముందు ఆ బస్సుకు జానయ్య అనే ఆయన కండక్టరు. నాకా వెనక గుట్ట మలుపులో ఉన్న ఊరే ఆయనది. మగ్గాల ఇంటి బిడ్డ. వానాకాలంలో వాగు రోడ్డెక్కి పారుతుంటే కండక్టరు దిగి ముందు నడవాలి. నీళ్ళు ఎంత లోతున్నాయో తన కాళ్ళతో చూపిస్తూ పోతుంటే, వెనక బస్సు మెల్లగా రావాలి. అదీ పద్ధతి. మోకాలి లోతే గదా అని జానయ్య దిగాడు. నడి వాగులో ఆయన కాలి కింది రోడ్డే కోసుకుపోయింది.

నీళ్ళు తగ్గాక శవం దొరికింది. తోలు సంచి మెడకే ఉంది. ఈల జేబులోనే ఉంది. పంచు మాత్రం లేదు... వాగులో కొట్టుకుపోయిందన్నారు.

పంచు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. టికెట్టుకు చిల్లు పొడిచే ఇనుప పనిముట్టు, పట్టకారులాగా ఉంటుంది. గుప్పిట్లో పట్టి నొక్కితే టక్కుమంటుంది. చిల్లు పడితేనే ఆ టికెట్టు చెల్లినట్టు. పడకపోతే దాన్ని తిరిగి తీసుకుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అందుకే చిల్లు లేని టికెట్టు ప్రయాణికుడి చేతిలో కనిపిస్తే కండక్టరు దొంగ కింద లెక్క.

జానయ్య పంచుకు ఒక పక్క పన్ను విరిగింది. ఆయన కొట్టిన చిల్లు గుండ్రంగా ఉండి, ఒక పక్క నువ్వుగింజ మొనలాగా చిన్న తోక ఉండేది. ఆ బస్సులో తిరిగేవాళ్ళందరికీ ఆ చిల్లు తెలుసు.

ఆయన పోయిన ఏడు చలికాలంలో మొదలైంది.

చీకటి పడగానే నాకా ఇంట్లోంచి... టక్కు. కాసేపటికి, టక్కు టక్కు. మళ్ళీ, టక్కు.

తెల్లవారి పశువులు తోలుకుపోయేవాళ్ళు ఆ గడప ముందు గుండ్రటి కాగితం ముక్కలు చూశారు. ఒక్కొక్క ముక్కకూ చిన్న తోక. జానయ్య ఇంకా టికెట్లు కొడుతున్నాడని ఊరూరా పాకింది. టికెట్టు లేనివాడు బస్సులో ఉంటే ఆ మలుపులో జానయ్య ఎక్కుతాడనీ, ఎక్కి ఆ మనిషి పక్కనే కూర్చుంటాడనీ అన్నారు. దాంతో ఒక ఆచారం పుట్టింది. ఆ మలుపు వస్తుందనగా బస్సులో అందరూ రొంటిన దోపిన టికెట్లు తీసి చేతిలో పట్టుకునేవాళ్ళు. కొందరు కిటికీలోంచి బయటికి కూడా చూపించేవాళ్ళు.

నవ్వు వస్తుంది గానీ, ఆ బస్సులో కూర్చున్నవాడు ఎవడూ నవ్వలేదట.

ఇక మామ సంగతి. ఆయన కూడా మగ్గాల ఇంటివాడే. ఉన్న ఒక్క మగ్గం అమ్మేసి ఈ నౌకరీకి వచ్చాడు. అప్పటికి ఇంకా పక్కా కాలేదు. చిన్న తప్పు దొరికినా ఇంటికి పంపిస్తారు, ఇంటికి పోతే కూర్చోవడానికి మగ్గం కూడా లేదు.

కార్తీకం అనుకుంటాను. కందులు ఇంటికి వచ్చే కాలం కాదు గదా అని మా అమ్మ అనేది, మామ మాత్రం కంది మూటలే అనేవాడు. ఎవరో పాత కందులు అమ్మబోయి, ధర రాక తిరిగి తెచ్చుకుంటున్నారేమో. ఏదైతేనేం, ఆ సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. చండూరులో జంగయ్య అనే రైతు రెండు మూటలు లోపలికి తోశాడు. మామ ఆ మూటల మీద నుంచి దాటుకుంటూ, ఒకరి భుజం, ఒకరి తల పట్టుకుంటూ టికెట్లు ఇవ్వడానికి వెనక్కి పోయాడు.

మొదట అక్కడే ఎక్కిన బక్కమ్మ అనే ముసలమ్మ దగ్గరికి వచ్చాడు. టికెట్టు చింపాడు. పంచు కోసం నడుం దగ్గర చెయ్యి పెట్టాడు.

తాడు ఉంది. తాడుకు పంచు లేదు.

సంచి వెతికాడు. టికెట్ల పెట్టె తిరగేశాడు. కిందికి వంగి కాళ్ళ మధ్య చూశాడు. చీకటి పడింది, లోపల ఉన్న ఒక్క బల్బు డ్రైవరు వెనక మిణుకుమంటోంది. ఏమీ కనిపించలేదు. మిగతావాళ్ళకు కూడా చిల్లు లేకుండానే టికెట్లు చింపి ఇచ్చి, మెల్లగా ముందుకు పోయి డ్రైవరు చెవి దగ్గర వంగాడు.

డ్రైవరు పేరు... ఏసోబు. అవును, ఏసోబే.

"ఏసోబన్నా, పోయింది."

"ఏం పోయింది?"

"పంచు."

ఏసోబు తల తిప్పలేదు. "ఈల ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే ఊదుకుంట ఇంటికి వో."

మామకు నవ్వు రాలేదు. ఏసోబుకూ రాలేదు. అప్పుడే ఎదురుగా ఇంకొక బస్సు వచ్చింది. ఆ డ్రైవరు దాటిపోతూ దీపాలు ఆర్పి వెలిగించి, అరచెయ్యి తల మీద టోపీలాగా పెట్టి చూపించాడు. డ్రైవర్ల మధ్య ఆ సైగకు ఒకటే అర్థం. ముందు చెకింగ్ ఉంది.

"ఎక్కడుండొచ్చు?" అన్నాడు మామ.

"నాకా దాటినంక ఉంటరు. ఇవుతల ఎవడు నిలబడుతడు."

"చండూరు నుంచి ఎక్కినోళ్ళ టికెట్లకు ఒక్కదానికి చిల్లు లేదన్నా."

ఏసోబు గేరు మార్చాడు. "మగ్గం ఎవరికి అమ్మినవు?" అని మాత్రం అడిగాడు.

వెనక ఇంకొక గొడవ లేచింది. మలుపు దగ్గరికి వస్తోంది. అందరూ టికెట్లు తీశారు. చండూరులో ఎక్కినవాళ్ళు తమ టికెట్లను బల్బు వైపు ఎత్తి చూశారు.

"ఓ బాలసామీ," అంది బక్కమ్మ. "నా టికెట్టుకు పొక్క ఏది బిడ్డా?"

"పొడుస్త అవ్వా. జర ఆగు."

"నాకా వచ్చె. ఇంకెప్పుడు పొడుస్తవు?"

"గోరుతోని గిచ్చుకో పెద్దమ్మా," అన్నాడు జంగయ్య తన మూట మీద కూర్చుని.

"జానయ్య కండక్టరాయె. గోరు పొక్క గుర్తు పట్టడా?"

జంగయ్య తన టికెట్టు కూడా తిప్పి చూసుకున్నాడు.

సరిగ్గా మలుపులో ఇంజను మూత సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. ఏసోబు ఆపకూడదనే అనుకున్నాడు. బండి వినలేదు. గురకపెట్టి, ఊగి, నాకా ఇంటికి ఎదురుగా నిలబడిపోయింది.

"నీళ్ళు పొయ్యాలె," అన్నాడు ఏసోబు. డబ్బా చేతిలోకి తీసుకున్నాడు గానీ దిగలేదు. "వాగుల దిగుమని ఆనాడు జానయ్యకు చెప్పింది నేనే. మోకాలి లోతేనే, దిగన్నా అన్న."

ఇంజను ఆగింది. బస్సులో అంతమంది ఉన్నా ఊపిరి చప్పుడు కూడా లేదు.

టక్కు.

ఎవరో పిల్లవాడి నోరు మూసిన చప్పుడు.

టక్కు... టక్కు. ...టక్కు.

చీకట్లో ఆ ఇల్లు ఇంకా నల్లగా కనిపిస్తోంది. చప్పుడు లోపలి నుంచే వస్తోంది. తొందర లేదు. నిండు బస్సులో ఒక్కొక్క సీటూ చూసుకుంటూ వచ్చే కండక్టరు ఎట్లా కొడతాడో, అట్లాగే.

మామ చెప్పేవాడు — భయం ఎంత ఉండాలో అంతా ఉందట. కాని భయం కిందనే ఇంకొక ఆలోచన లేచిందట. దెయ్యందైతే ఏమి... పంచు పంచే గదా.

అగ్గిపెట్టె తీసుకుని దిగాడు.

"ఏడికిరా?" అన్నాడు ఏసోబు.

"అడిగొస్త."

"ఎవరిని?"

"జానయ్యన్నను."

బస్సులో గుసగుస కూడా లేచి పడిపోయింది. కాసేపటికి జంగయ్య గొంతు వినిపించింది. "ఇస్తడు తియ్యి. చచ్చినా కండక్టరే గద. తోటి కండక్టరుకు ఇయ్యడా?" అని, గొంగడి తల మీదికి లాక్కున్నాడు.

రోడ్డు దిగితే గడ్డి. గడ్డి దాటితే గడప. మామ చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు. గడప లోపల కాలు పెట్టగానే అరికాలికి ఏదో అతుక్కుంది. అగ్గిపుల్ల గీశాడు. నేలంతా గుండ్రటి ముక్కలు. తోకలున్న ముక్కలు.

పుల్ల ఆరిపోయింది. చప్పుడు కూడా ఆగిపోయింది.

వెనక గదిలో ఎవరో ఉన్నారు. కనిపించలేదు, కాని ఊపిరి బిగపట్టిన చోటు ఒకటి తెలుస్తుంది గదా... అట్లా తెలిసింది.

"అన్నా," అన్నాడు మామ. మళ్ళీ అన్నాడు. "జానయ్యన్నా. నేను నీ బండి మీదనే చేస్తున్న. నా పంచు పోయింది. ముందల చెకింగ్ ఉన్నది. నౌకరీ పోతే నాకు బతుకు లేదు... నీది జర ఇయ్యి. మర్రిగూడ దాక. రేపు తెచ్చిస్త."

మామ చీకట్లోనే నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒట్టు. తెచ్చిస్త."

ఎంతసేపు నిలబడ్డాడో. అప్పుడు గుమ్మం పక్క చీకట్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

మోచేతి దాకానే. గాజులు లేని చెయ్యి. అరచేతిలో నల్లగా ఒక ఇనుప వస్తువు.

మామ చెయ్యి చాపాడు. తీసుకున్నాడు. ఇనుము చల్లగా ఉంటుందనుకున్నాడు.

వెచ్చగా ఉంది.

"రేపు ఇయ్యకపోతివా, నేను ఊకోను," అంది చీకట్లోంచి ఒక ఆడగొంతు.

మామ ఇంకొక అగ్గిపుల్ల కోసం తడుముకున్నాడు. లోపల గంప జరిగిన చప్పుడైంది. గంప కింద బుడ్డి దీపం ఉంది. ఆ వెలుతురులో ఒక మనిషి ముఖం కనిపించింది. నాగులమ్మ. జానయ్య భార్య.

ఆమె ముందు నేల మీద పొడుగ్గా అట్టలు పరిచి ఉన్నాయి. కొన్ని పాతవి, చిల్లులతో నలిగి ఉన్నవి. కొన్ని కొత్తవి. పుట్టినప్పటి నుంచి మామ చూసిన వస్తువే అది. చీర అంచు మీద పువ్వో హంసో రావాలంటే మగ్గం పైన జకార్డుకు అట్టల దండ వేలాడదీస్తారు. ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో ఆ అట్టల్లోని చిల్లులే చెబుతాయి. నాగులమ్మ పాత అట్టను కొత్త అట్ట మీద పెట్టి, చిల్లుకు చిల్లు కొడుతోంది. పంచు చిల్లు చిన్నది. దాన్ని వెడల్పు చేయడానికి పక్కన బూడిద కప్పిన కుంపట్లో ఒక మేకు కాలుతోంది.

ఆ గుండ్రటి ముక్కలను మామ అంతకుముందు పగటిపూట ఎన్నిసార్లు చూశాడో. టికెట్టు కాగితం పలచన. ఇవి మందం. సాలె బిడ్డ అయి ఉండి ఒక్కసారి వేళ్ళ మధ్య నలిపి చూస్తే తెలిసిపోయేది. ఎవరూ ముట్టుకోలేదు. తోక చూశారు, పరుగెత్తారు.

"వదినే... ఇదేంది?"

"మెల్లగ. బస్సోళ్ళు ఇంటరు."

"పంచు వాగుల పోయిందన్నరు గద."

"నేనే అన్న. ఆయన నడుముకే ఉండె. స్నానం పోసేటప్పుడు తాడు విప్పుకున్న." ఆమె పంచు వంక చూడలేదు, మామ చేతి వంక చూసింది. "అడిగితే సర్కారుకు ఇయ్యాల్నాయె. ఇయ్యబుద్ధి కాలె."

"ఇంట్లనే కొట్టుకోరాదు? ఈ పాడువడ్డ ఇంట్ల, చీకట్ల..."

"ఇంట్ల అత్త ఉన్నది. ఒక్కనాడు కొట్టిన. కొడుకు వచ్చిండని వాకిట్లకు ఉరికింది."

మామ ఒక కొత్త అట్టను దీపం వైపు తిప్పి చూశాడు.

"ఊరి బాయి నీళ్ళు తాగితే కాళ్ళు వంకర పోతున్నయని చెలిమె నీళ్ళకు వస్త," అంది నాగులమ్మ. "ఇసుకల చెలిమె తోడినంక నీళ్ళు ఊరేదాక కూసోవాలె. ఆ జాములనే గివ్వి కొడుత. పట్నంల కొట్టిచ్చుకొచ్చిన అని మగ్గం నేసే మా మామకు చెప్త."

"మంది దయ్యమంటున్నరు వదినే."

"అననీ. భయానికి ఎవరు రారు, చెలిమె కాడ కొట్లాట లేదు."

"నీకు భయం గాదా?"

నాగులమ్మ దీపం వత్తిని కొద్దిగా తగ్గించింది. "ఎవరికి భయపడాలె? ఊరోళ్ళందరికి ఆయన ఇనవడుతున్నడట. బండ్లోళ్ళకు ఇనవడుతున్నడట. ఇన్ని దినాల నుంచి గీ ఇంట్ల కూసుంటున్న... నాకొక్కదానికే ఇనవడలే."

బయట ఏసోబు సన్నగా హారను కొట్టాడు. నీళ్ళు పోసినట్టున్నాడు.

"రేపు నూలుకు నల్లగొండ పోతున్న," అంది ఆమె. "మాపటికి నీ బండికే వస్త. బస్సుల చేతికియ్యి. మందికి కనవడొద్దు."

గంప మళ్ళీ దీపం మీదికి వచ్చింది.

మామ బస్సెక్కితే అందరి కళ్ళూ ఆయన చేతి మీదే. ఏసోబు మెల్లగా అడిగాడు. "ఇచ్చిండా?"

నిజం చెబితే నాగులమ్మ దొంగ అవుతుంది. మామ పంచు పైకెత్తి చూపించాడు. "ఇచ్చిండు."

ఆ మాటతో బస్సు అంతా ఒక్కసారి వెనక్కి జరిగిందట. మామ సీటు సీటుకూ పోయాడు. ఎవరూ టికెట్టు చేతికి ఇవ్వలేదు. బక్కమ్మ తన టికెట్టును ఒళ్ళోని గంప మీద పెట్టి చెయ్యి తీసేసుకుంది. జంగయ్య గొంగడి కొసన టికెట్టు ఉంచి, గొంగడితోనే ముందుకు చాపాడు. టక్కు, టక్కు... చండూరులో ఎక్కిన అందరి టికెట్లకూ చిల్లులు పడ్డాయి. ఒక్కొక్క చిల్లుకూ చిన్న తోక.

వాగు దాటిన కొంత దూరానికే చెకింగ్ వాళ్ళు బండి ఆపారు. పెద్దాయన ఒకాయన టార్చి పట్టుకుని ఎక్కాడు. జానయ్యకు పంచు పట్టడం నేర్పిందే ఆయనట. మొదట నల్లగొండలో ఎక్కినవాడి టికెట్టు చూశాడు, తోక లేని గుండ్రటి చిల్లు. ఇచ్చేశాడు. బక్కమ్మ టికెట్టు తీసుకున్నాడు. టార్చి దగ్గరగా పెట్టాడు. తిప్పి చూశాడు. జంగయ్య టికెట్టు తీసుకున్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"ఇదేం పంచు?" అన్నాడు.

మామ పంచును గుప్పిట్లో మూశాడు.

"జానయ్యది సారూ," అంది బక్కమ్మ. "మా పొక్కలు పడకుంటే ఈ పిలగాడు ఇప్పుడే నాకా ఇంట్లకు వొయ్యి అడుక్కొచ్చిండు."

టార్చి వెలుగు బస్సు పైకప్పు మీదికి పోయింది. మళ్ళీ కిందికి వచ్చింది.

"ఏదీ, చూపియ్యి."

మామ చాపాడు. పెద్దాయన చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది.

"ఉండనీ," అన్నాడు. టికెట్లు ఎవరివి వాళ్ళకు ఇచ్చేసి దిగిపోయాడు. కిందికి దిగాక కూడా టార్చి ఆర్పడం మరిచిపోయాడట.

అట్లా మామ నౌకరీ నిలబడింది.

మరునాడు మర్రిగూడలో పొద్దుటి బస్సు కదిలే ముందే జంగయ్య నడిచి వచ్చాడు. చేతిలో మామ పంచు. "కందులల్ల దొరికింది. కూరల వేద్దామనుకున్న గాని ఉడికేటట్టు లేదు," అన్నాడు. మామ దాన్ని కొత్త తాడుతో నడుముకు రెండు ముళ్ళు వేసి కట్టుకున్నాడు. జానయ్య పంచును రుమాలులో చుట్టి, తోలు సంచి అడుగున పెట్టాడు. ఆ రోజంతా దాన్ని ఎప్పుడు ఇచ్చేద్దామా అన్నదే ఆలోచన. ఒట్టు వేశాడు గదా.

సాయంత్రం నల్లగొండలో నాగులమ్మ ఎక్కింది. చంకలో నూలు మూట. ఎవరికీ ఏమీ తెలియనట్టే కూర్చుంది. మామ టికెట్టు చింపి, తన పంచుతో చిల్లు కొట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. జనం మధ్య రుమాలు మూట ఇవ్వడం కుదరలేదు. చండూరులో చాలామంది దిగాక ఇద్దామనుకున్నాడు. చండూరు వచ్చింది. దిగినంతమందీ కొత్తవాళ్ళు ఎక్కారు.

ఇంక కొద్ది దూరంలో మలుపు.

మామూలుగానే అందరూ టికెట్లు తీశారు. నాగులమ్మ కూడా ముడి విప్పి టికెట్టు చేతిలో పట్టుకుంది. అందరూ పట్టుకుంటే తాను పట్టుకోకపోతే బాగుండదనేమో. మామ ఆమె సీటు పక్కకు పోయి నిలబడ్డాడు. లోపల్లోపల నవ్వుకుంటున్నాడు. ఈ రోజు చప్పుడు ఉండదని ఆ బస్సులో తెలిసినవాళ్ళు ఇద్దరే. కొట్టే మనిషి ఇక్కడే ఉంది, పంచు తన సంచిలో ఉంది. అంతకాలంలో మొదటిసారి భయం లేకుండా తల తిప్పి ఆ ఇంటిని సూటిగా చూశాడు.

ఏసోబు వాగులో దించడానికి బండి మెల్లగా చేశాడు.

"ఇయ్యాల్ల లేనట్టున్నడు," అన్నారెవరో.

టక్కు.

మామ చెయ్యి సంచిలోకి పోయింది. రుమాలు ఉంది. రుమాలులో పంచు ఉంది.

టక్కు... టక్కు. ...టక్కు.

అదే చప్పుడు. తొందర లేదు. సీటు సీటూ చూసుకుంటూ వచ్చే చప్పుడు.

మామ నాగులమ్మను చూశాడు. ఆమె తల ఎత్తి వింటోంది. ముఖంలో భయం లేదట. పనిలో ఉన్న మనిషిని ఇంట్లోంచి పేరు పెట్టి పిలిస్తే ఎట్లా లేస్తుందో, అట్లా లేచింది.

"ఆపు," అంది.

"వదినే..." అన్నాడు మామ. రుమాలు మూట బయటికి తీశాడు. "ఇగో. నీది నా దగ్గర్నే ఉన్నది. వదినే, అది..."

ఆమె ఆ మూటను చూడనైనా చూడలేదు. "బండి ఆపుమంటున్న."

పైన గంట తాడు ఉంటుంది. ఒకసారి గుంజితే ఆపు, రెండుసార్లు గుంజితే పోనియ్యి. మామ ఒక్కసారి గుంజాడు. ఏసోబు ఆపలేదు. నాగులమ్మ చెయ్యెత్తి ఆ తాడును తానే పట్టుకుంది. పట్టి, వదలకుండా వేలాడింది. గంట ఆగకుండా మోగుతుంటే ఏసోబు కాలు తనంతట తానే బ్రేకు మీద పడింది.

సుంకం నాకా స్టేజీలో చీకటి పడ్డాక టికెట్టు కొన్న మనిషి దిగడం ఆ బస్సు మొదటిసారి చూసింది.

నూలు మూట సీటు మీదే ఉండిపోయింది. ఆమె చేతిలో టికెట్టు ఒక్కటే ఉంది. గడ్డి దాటింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కొంగు భుజం మీదికి సర్దుకుంది. లోపలికి పోయింది.

చప్పుడు ఆగిపోయింది.

మామ దిగబోయాడు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు కూడా. రెండు గంటలు కొట్టకముందే ఏసోబు బండిని వాగులో దించేశాడు. వాగు దాటాక కూడా ఆపలేదు. మర్రిగూడ చేరాకే ఆగాడు. ఆ రాత్రి మామ బస్సులోనే, నూలు మూట పక్కన, కళ్ళు తెరుచుకుని పడుకున్నాడు. లాంతరు దొరకదా, నలుగురిని లేపి పోదామా అని అనుకుంటూనే ఉన్నాడట. ఏసోబు స్టీరింగు మీద తల పెట్టి ప్రార్థన చేస్తూనే ఉన్నాడు.

తెల్లవారి మొదటి బస్సు నాకా మలుపు చేరేసరికి రోడ్డు పక్కన నాగులమ్మ నిలబడి ఉంది. చంకలో చెలిమె నీళ్ళ కుండ. నిద్ర లేని ముఖం. అయినా తేటగా ఉందట, జ్వరం దిగిన మనిషిలాగా. ఏసోబు ఈసారి గంట లేకుండానే ఆపాడు.

"నూలు ఇయ్యి," అంది.

మామ నూలు మూట అందించాడు. రుమాలు మూట కూడా అందించాడు. ఆమె రెండూ తీసుకుంది. తిరిగి పోబోతుంటే మామ ఉండలేకపోయాడు. ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి, బస్సులో వాళ్ళకు వినపడకుండా అడిగాడు.

"ఏం జూసినవు వదినే?"

నాగులమ్మ కుండను ఒక చంక నుంచి ఇంకొక చంకకు మార్చుకుంది.

"ఏమున్నది. టికెట్టు చూపియ్యుమన్నడు. చూపిచ్చిన."